నొప్పి ఎంతుందో రోగే చెప్పాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

‘మోకాళ్ల నొప్పులకు కొత్త మందు, పరీక్షలన్నీ ఉచితం, రానుపోను ఖర్చులు కూడా వాళ్లే ఇస్తారు’ అన్న మాట కోనసీమలోనో, భీమవరం చుట్టుపక్కల ఊళ్లలోనో వినపడగానే జనం దాన్ని ఉచిత వైద్య శిబిరం కింద లెక్కగడతారు. క్లినికల్ ట్రయల్, అంటే మందు పనిచేస్తుందో లేదో మనుషులపై పరీక్షించి చూడడం, వైద్య శిబిరం కాదు. అక్కడ ఎవరికి ఏ మందు పడాలో డాక్టరు నిర్ణయించడు, చీటీలు తీసినట్టు కంప్యూటరు తేలుస్తుంది. కొందరికి కొత్త మందు వెళ్తుంది, కొందరికి పాత మందో, అసలు మందే లేని మాత్రో వెళ్తుంది. చాలా ట్రయల్స్‌లో ఎవరికి ఏది వెళ్లిందో డాక్టరుకు కూడా తెలియనివ్వరు. సంతకం పెట్టకముందే ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

షుగరు మందు పనిచేసిందో లేదో రక్తపరీక్ష చెబుతుంది. ఏళ్ల తరబడి వేధించే నొప్పికి, దిగులు జబ్బుకు (డిప్రెషన్‌కు) అలాంటి పరీక్ష లేదు. రోగి నోటి మాటే కొలత. అందుకే ఈ ట్రయల్స్ చెడిపోయేది ఎక్కువగా ఆ మాట దగ్గరే.

నొప్పి ట్రయల్లో రోజూ పడుకోబోయే ముందు, గడిచిన 24 గంటల్లో నొప్పి ఎంత ఉందో సున్నా నుంచి 10 దాకా ఒక అంకె వేయమంటారు. సున్నా అంటే నొప్పే లేదు, 10 అంటే ఊహకందే నొప్పుల్లోకెల్లా పెద్దది. సాధారణంగా 4 గానీ అంతకు మించి గానీ ఉన్నవారినే చేర్చుకుంటారు. తర్వాత కనీసం 30 శాతం తగ్గితే, ఉదాహరణకు 6 నుంచి 4కు వస్తే, చెప్పుకోదగ్గ మార్పుగా లెక్కిస్తారు. మొదటి చిక్కు ఇక్కడే. ఊళ్లో రోగుల్ని పోగుచేసే మనిషి ‘నాలుక్కి తక్కువ చెబితే తీసుకోరు’ అని ముందే చెవిలో వేస్తాడు. 3 ఉన్నవాళ్లు 6 అంటారు. చేరిపోయాక ఇక పెంచి చెప్పే అవసరం ఉండదు కాబట్టి అసలు అంకె బయటికొస్తుంది. మందు మింగినవాళ్లకూ, మందు లేని మాత్ర మింగినవాళ్లకూ ఒకేలా ‘తగ్గుతుంది’. నిజంగా పనిచేసే మందు కూడా ఆ లెక్కలో పనికిరానిదిగా తేలవచ్చు. తలకింత అని ఏజెంట్లకు డబ్బిచ్చి రోగుల్ని చేర్పించే పద్ధతి పూర్తిగా పోవాలి. అర్హత అంకె ఎంతో రోగికి చెప్పనే కూడదు.

రెండోది మన మర్యాద. డాక్టరు గారు ‘ఎలా ఉందమ్మా?’ అని అడిగితే ‘తగ్గిందండీ, మీ దయ’ అనడం మనకు అలవాటు. తగ్గలేదంటే ఆయన చిన్నబుచ్చుకుంటారేమోనన్న బెరుకు. కాబట్టి అంకె అడిగేది వైద్యం చేసే డాక్టరు కాకూడదు. వేరొకరు, రోజూ ఒకే వేళకు, ఒకే ప్రశ్నను అవే మాటల్లో అడగాలి. ‘నిన్న 5 అన్నారు కదా’ అని గుర్తు చేయకూడదు. పక్కనున్న కొడుకో కోడలో జవాబు అందించకూడదు.

మూడోది పంటల కాలం. సార్వా (ఖరీఫ్) ఊడుపుల్లో రోజంతా వంగి పనిచేసిన మనిషి నడుం నొప్పికి 8 వేయడంలో వింత లేదు. అప్పుడు చేర్చుకుని 12 వారాల తర్వాత, ఇంకా కోతలు మొదలుకాని రోజుల్లో చూస్తే ఏ మాత్ర ఇచ్చినా, ఇవ్వకపోయినా కొంత తగ్గి ఉంటుంది. పైగా ఎవరైనా నొప్పి బాగా ముదిరినప్పుడే ట్రయల్‌కు వస్తారు, ముదిరినది కొంత దానంతటదే దిగుతుంది. మందు లేని మాత్ర గుంపు ఉండేది ఇందుకే, రోగిని మోసం చేయడానికి కాదు. సుజెట్రిజిన్ అనే కొత్త నొప్పి మందును సయాటికా (నడుం నుంచి కాలిలోకి పాకే నరం నొప్పి) రోగులపై పరీక్షించిన ఫలితం 2024 డిసెంబరులో వచ్చింది. మందు గుంపులోనూ, ఉత్త మాత్ర గుంపులోనూ నొప్పి దాదాపు 2 అంకెలే తగ్గింది. రెండో గుంపు లేకపోతే మొదటి గుంపును చూసి అదంతా మందు గొప్పతనమే అనుకునేవాళ్లం.

ఇక ప్రాణం మీదకు తెచ్చే తప్పు, బయటి మందులు దాచడం. నొప్పి ఆగక ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటారు, లేదా స్టెరాయిడ్ కలిసిన మాత్రలు తెచ్చుకుంటారు. ట్రయల్ నుంచి తీసేస్తారని చెప్పరు. పరీక్షిస్తున్నది డ్యులోక్సెటిన్ లాంటి మందనుకోండి. 2004లో అమెరికాలో దిగులు జబ్బుకూ, షుగరు వల్ల వచ్చే నరాల నొప్పికీ రెండిటికీ అనుమతి పొందిన మందు అది. దానికి డైక్లోఫెనాక్ తోడైతే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ట్రమడాల్ అనే నొప్పి మందు తోడైతే వణుకు, చెమటలు, జ్వరం, గాభరా వచ్చి ప్రాణాంతకం కావచ్చు. సారా, కల్లు ఎక్కువగా తాగేవారికి కాలేయం దెబ్బతింటుంది. నొప్పి ఓర్చుకోలేనప్పుడు వాడుకోవడానికి చాలా ట్రయల్స్‌లో పారాసెటమాల్ వంటి మందును అనుమతిస్తారు. రోజుకు ఎన్ని వేసుకోవచ్చో మొదటి రోజే అడిగి రాయించుకోండి. వేరేది వేసుకున్నా దాచకండి, అది చెబితే తిట్టే ఆస్పత్రి ట్రయల్ నడపడానికి తగదు. మిగిలిన మాత్రలు పక్కింటివారికి ఇవ్వకండి. సీసా మీద కోడ్ తప్ప మందు పేరుండదు, వాళ్లకు ఏమైనా అయితే ఏం మింగారో ఎవరూ చెప్పలేరు. ట్రయల్‌లో మీకిచ్చే కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి. అత్యవసరంలో ఏ డాక్టరైనా దాన్ని చూసి ఫోన్ చేస్తే కోడ్ విప్పించి అది ఏ మందో తెలుసుకోవచ్చు.

నొప్పి తగ్గితే కీలు బాగుపడినట్టు కాదు. టానెజుమాబ్ అనే సూదిమందు మోకాలి, తుంటి నొప్పిని తగ్గించింది కానీ, కొందరిలో కీళ్లు వేగంగా అరిగిపోయాయి. 2021 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘం 19–1తో దానికి వ్యతిరేకంగా ఓటేసింది, ఆ ఏడాదే కంపెనీ దాన్ని వదిలేసుకుంది. నొప్పి లేదు కదా అని ఎక్స్‌రేకు రమ్మన్న రోజున సంక్రాంతి హడావిడిలో మానేయకండి.

దిగులు జబ్బు ట్రయల్స్‌లో మందు పట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారాల్లోనూ, మోతాదు మార్చినప్పుడూ, ముఖ్యంగా 25 ఏళ్ల లోపు వారిని ఇంట్లో కనిపెట్టుకుని ఉండాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని వచ్చిన ప్రతిసారీ అడుగుతారు. అది అవమానించడానికి కాదు, రక్షణ కోసం. పొలం మందుల డబ్బాలు ఇంట్లో ఉంచకుండా వేరేచోట తాళం వేయండి. ఏ వేళనైనా 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్‌కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

సమ్మతి విషయం గట్టిగా పట్టుకోవాలి. 2009–10లో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా కార్యక్రమంలో హాస్టల్ ఆడపిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం ఆ కార్యక్రమాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద మానసిక రోగి మీద పరిశోధనకు ఆ రోగే తెలిసి, ఇష్టపడి సమ్మతించాలి. ఇంటి పెద్ద ఒప్పుకుంటే చాలదు. చదువు రాని వారికి కాగితం మొత్తం చదివి వినిపించేటప్పుడు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కనే ఉండాలి. ఒక ప్రతి మీ చేతికి రావాలి. ఎప్పుడు మానేయాలనుకున్నా, కారణం చెప్పకుండానే మానేయవచ్చు.

కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్‌పై వచ్చిన 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి. తీవ్రమైన హానిని డాక్టరు 24 గంటల్లో ఔషధ నియంత్రణ సంస్థకు, ట్రయల్‌లో రోగుల రక్షణను చూసే ఎథిక్స్ కమిటీకి తెలపాలి. మరణానికి పరిహారం 8 లక్షలను మూలంగా తీసుకుని వయసు, జబ్బు తీవ్రతలను బట్టి లెక్కగడతారు. అందుబాటులో ఉన్న వైద్యం ఇవ్వకుండా ఉత్త మాత్ర మీద ఉంచినందువల్ల నష్టం జరిగినా పరిహారం వర్తిస్తుంది. ఇది చాలామందికి తెలియదు.

చివరి మాత్ర తర్వాత ఏమిటన్నదీ మొదటే అడగాలి. డ్యులోక్సెటిన్ లాంటివి ఒక్కసారిగా ఆపితే కళ్లు తిరగడం, వికారం, తలలో షాకు కొట్టినట్టు ఉండడం, చిరాకు వస్తాయి. కనీసం రెండు వారాలు మోతాదు తగ్గిస్తూ ఆపాలి. ఆ రెండు వారాల మాత్రలు ఎవరిస్తారో కాగితంలో ఉండాలి.

మన దేశంలో ఇలాంటి ట్రయల్‌కు సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్టరు) నమోదు 2009 జూన్ నుంచి తప్పనిసరి. నంబరు కొడితే వివరాలు ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. మీ పత్రికలో ట్రయల్ గురించి వార్త గానీ ప్రకటన గానీ వేసేటప్పుడు ఆ నంబరు, ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు కూడా వేయండి. ఆ రెండూ ఇవ్వలేని వారి ప్రకటన తీసుకోవద్దని కోరుతున్నాం.

— క్లినికల్ పరిశోధన విభాగాల్లో పనిచేసే నర్సులు, ఫార్మసిస్టులు కొందరు, అమలాపురం