సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్న వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం ఎందుకు పుట్టిందో మీకు తెలుసు కనుక నేరుగా విషయానికి వస్తాను. గత సమావేశంలో ఒక సభ్యుడు లేచి, ‘ఇన్ని అర్జీలు ఇచ్చాం, ఇన్నిసార్లు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డాం, ప్రభుత్వం ఒక్క నిర్ణయమైనా మార్చుకుందా?’ అని అడిగారు. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ నివేదిక చాలావరకు ఆయనకు జవాబే.

ముందుగా కృతజ్ఞతలు. అర్జీలు అందంగా రాసిపెట్టిన సోదరీమణులకు, జిరాక్సులకు పైసా తీసుకోని మిత్రునికి, సమావేశాలకు హాలు ఇచ్చిన పెద్దలకు, ఎండలో సంతకాలు సేకరించిన విద్యార్థులకు సంఘం రుణపడి ఉంది. ఆఫీసులో కాగితం ఎక్కడ ఇవ్వాలో, కాగితం అందినట్టు ఆఫీసు వేసే ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోకుండా ఎందుకు కదలకూడదో ఓపిగ్గా నేర్పిన రిటైర్డ్ గుమస్తాగారికి ప్రత్యేక నమస్కారాలు. ఆయన నేర్పిన ఆ ఒక్క అలవాటే ఈ ఏడాది మనల్ని నిలబెట్టింది.

ఇక గ్రంథాలయం సంగతి. సాయంత్రం ఐదింటికే మూసేయాలన్న ఉత్తర్వుపై మనం మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మూడుసార్లూ ‘పరిశీలనలో ఉంది’ అనే సమాధానమే వచ్చింది. మొదటి అర్జీ చూసిన అధికారి బదిలీ అయ్యారు. తర్వాత వచ్చినవారు ఫైలు తన దాకా రాలేదన్నారు. రసీదు చూపిస్తే వెతికించారు, దొరికింది. పనివేళలు తేల్చేది ఏడాదికొకసారి జరిగే ఒక సమావేశంలోనని, ఆ తేదీ దాటితే మళ్ళీ ఏడాది ఆగాల్సిందేనని అప్పుడు తెలిసింది. అంటే మన అర్జీలన్నీ నిర్ణయం లేని నెలల్లో, నిర్ణయం తీసుకోలేని చేతుల్లోకి వెళ్ళాయి.

ఆ సమావేశానికి రెండు వారాల ముందు, వరుసగా ఐదు సాయంత్రాలు, తాళం వేసిన గేటు ముందు మెట్ల మీద పిల్లలు పుస్తకాలు తెరిచి కూర్చున్నారు. నినాదాలు లేవు, మైకు లేదు. చీకటి పడ్డాక వీధిదీపం వెలుగులో చదివారు. ఒక అమ్మాయి పోటీ పరీక్షల గైడు ఒళ్ళో పెట్టుకుని, వెలుగు చాలక పేజీని పక్కకు వంచి చదువుతుంటే దారిన పోయేవాళ్ళు ఆగి అడిగారు. అడిగిన ప్రతివారికీ మనవాళ్ళు ఉత్తర్వు ప్రతి చూపించారు. ఐదో రోజు అధికారి స్వయంగా వచ్చి పదినిమిషాలు నిలబడ్డారు. సమావేశంలో వేళలు మార్చారు. పనిదినాల్లో రాత్రి ఎనిమిది దాకా తెరుస్తున్నారు. ఆదివారం మాత్రం ఇవ్వలేదు. ఈ సంఘానికి ఇంతకన్నా గర్వపడే రోజు నాకు గుర్తులేదు.

ఈ విజయం ఊరికే వచ్చిందా, లేక దీనికొక పద్ధతి ఉందా అని నలుగురం కూర్చుని పాత ఉద్యమాల చరిత్ర చదివాం. దానిపై జరిపిన చర్చా సదస్సుకు రాని సభ్యుల కోసం ఆ వివరాలు కాస్త విపులంగా రాస్తున్నాను.

సంతకాల సంఖ్యే బలమని మనం అనుకుంటాం. బ్రిటన్‌లో ఎన్నికల సంస్కరణల కోసం ఆరు కోరికలు పెట్టిన చార్టిస్టు కార్మికులు 1842లో 33 లక్షలకు పైగా సంతకాలతో అర్జీ తెస్తే, వారి మాట వినాలన్న ప్రతిపాదనే 287-49 ఓట్లతో పార్లమెంటులో వీగిపోయింది. 1848లో మళ్ళీ తెచ్చారు. అందులో విక్టోరియా రాణి పేరుతో సహా దొంగ సంతకాలు బయటపడి అర్జీ మొత్తం నవ్వులపాలైంది. మన దగ్గరా ఒక కాగితం మీద పద్దెనిమిది పేర్లు ఒకే చేతిరాతలో, ఒకే నీలిసిరాతో ఉన్నాయి. నేను ఆ కాగితం పక్కన పెట్టేస్తే కొందరు మిత్రులు నొచ్చుకున్నారు. ఎందుకు పెట్టానో ఇప్పుడు అర్థం చేసుకుంటారని ఆశ. అయినా చార్టిస్టులు ఓడిపోయారని చరిత్ర మూసేయలేదు. రహస్య బ్యాలెట్ 1872లో, పార్లమెంటు సభ్యులకు జీతం 1911లో వచ్చాయి. వారడిగిన ఆరింటిలో ఐదు చివరికి చట్టాలయ్యాయి. అడిగినవాళ్ళలో చాలామంది అప్పటికి లేరు.

న్యూజిలాండ్ మహిళలు ఓటు హక్కు కోసం 1891, 1892, 1893లలో వరుసగా అర్జీలిచ్చారు. చివరిదానికి దాదాపు 32 వేల సంతకాలు. కాగితాలన్నీ అతికించి చుట్టగా చుట్టి సభలో నేలమీద దొర్లించి విప్పారు. అదే ఏడాది సెప్టెంబరు 19న చట్టం వచ్చింది. అయితే ఎగువ సభలో బిల్లు గట్టెక్కింది 20-18 ఓట్లతో. ప్రధాని ఓట్లు తారుమారు చేయించబోతున్నారని కోపం వచ్చి, అంతవరకు వ్యతిరేకించిన ఇద్దరు సభ్యులు ఇటు ఓటేశారు. సంతకాలే గెలిపించాయంటే సగం నిజం. ఆ అవకాశం వచ్చిన రోజుకు వాళ్ళు అలసిపోకుండా అక్కడే ఉన్నారు, అది మిగతా సగం.

దూబగుంట మహిళల సారా వ్యతిరేక ఉద్యమం గురించి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అక్షరాస్యత తరగతుల్లో మొదలైన మాట 1992లో నెల్లూరు జిల్లా అంతా పాకింది. ఆ తల్లులు ప్రభుత్వాన్ని సరిగ్గా సారా వేలంపాటల దగ్గర పట్టుకున్నారు. పాట జరగకపోతే ఖజానాకు రాబడి ఆగుతుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని మాత్రం 1997లో సడలించారు. గెలిచాక కాపలా లేకపోతే గెలుపు జారిపోతుందనడానికి నేను ఇదే చూపిస్తాను.

జనం ఎక్కువగా వస్తే చాలదనడానికి 2003 ఫిబ్రవరి 15 ఉంది. ఇరాక్ యుద్ధం వద్దని ప్రపంచమంతటా లక్షలాది మంది ఒకే రోజు వీధుల్లోకి వచ్చారు. మార్చి 20న యుద్ధం మొదలైంది. ఇక రాజస్థాన్‌లో సమాచార హక్కు కోసం 1996లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా చేసినవాళ్ళు అక్కడితో ఇంటికి పోలేదు. ఊరూరా బహిరంగ విచారణలు పెట్టి కూలీల మస్టర్ రోల్స్ (హాజరు పట్టీలు) పైకి చదివించారు, చట్టం ముసాయిదా రాయడంలో పాలుపంచుకున్నారు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. మన రసీదులకు ఈరోజు విలువ ఉందంటే ఆ చట్టం వల్లే.

కాబట్టి గత ఏడాది అడిగిన మిత్రునికి నా జవాబు: అర్జీలు, నిరసనలు ప్రభుత్వ నిర్ణయాలను మారుస్తాయి. నిర్ణయం ఎవరి చేతిలో ఉందో, ఏ తేదీన జరుగుతుందో తెలుసుకుని, అర్జీ ఇచ్చిన మర్నాటి నుంచి వెంటపడితే మారుస్తాయి. ఇక్కడే నా బాధ చెప్పుకోవాలి. అర్జీ ఇచ్చే రోజు ఫొటోకి అరవై మంది వచ్చారు. ఫైలు ఎక్కడుందో కనుక్కోవడానికి వారం వారం వెళ్ళింది ముగ్గురం. అందులో ఒకరికి మోకాళ్ళ నొప్పులు, మూడంతస్తులు ఎక్కి దిగారు. వాట్సాప్‌లో ‘నేను రెడీ’ అని పెట్టినవారు వెళ్ళాల్సిన రోజు ఫోను ఎత్తలేదు. అధికారుల మీద నాకున్న కోపం కన్నా ఇదే ఎక్కువ బాధించింది.

జమాఖర్చులు కోశాధికారిగారు విడిగా సమర్పిస్తారు. ఆడిట్ పూర్తయింది. చందా బకాయిలు ఉన్నవారు దయచేసి చెల్లించగలరు.

ఆదివారం గ్రంథాలయం తెరవాలన్న అర్జీ పోయిన నెల ఇచ్చాం, ఇన్‌వర్డ్ నంబరు రిజిస్టరులో ఉంది. దాన్ని కనుక్కోవడానికి వారానికి ఇద్దరు చొప్పున వంతులు వేయాలని కార్యవర్గం తీర్మానించింది. రిజిస్టరు బల్ల మీద పెట్టాను. మొదటి వారం నా పేరు రాశాను, పక్కన ఇంకొకరికి ఖాళీ ఉంది.

భవదీయుడు,
కార్యదర్శి