తిరిగొచ్చే నీళ్ల సంగతి కూడా రాయండి

సంపాదకుల వారికి,

చలి నగరాల నడిబొడ్డున బొగ్గు, గ్యాసు మండించకుండా ఇళ్లను వెచ్చగా ఉంచడం గురించి ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. డిస్ట్రిక్ట్ హీటింగ్ మీద తెలుగులో ఇంత వివరంగా రావడం సంతోషంగా ఉంది. ఒకచోట వేడిచేసిన నీళ్లను వీధుల కింది పైపుల్లో వందల భవనాలకు పంపి, వేడి ఇచ్చేసి చల్లబడ్డ నీళ్లను మళ్లీ వెనక్కి తెచ్చుకునే ఏర్పాటు అది. ఆ పైపుల దగ్గర పద్నాలుగేళ్లు పనిచేసినదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

వ్యాసమంతా వేడిని ఎక్కడి నుంచి తేవాలన్నదాని చుట్టూనే తిరిగింది. సముద్రపు నీళ్లు, మురుగునీళ్లు, డేటా సెంటర్లు అన్నీ చెప్పారు. అవన్నీ నిజమే. కానీ ఇచ్చిన వేడిని భవనాలు సరిగ్గా తీసుకుంటున్నాయా, నీళ్లు ఎంత చల్లబడి తిరిగొస్తున్నాయి అన్న మాట ఎక్కడా కనిపించలేదు. నా లెక్కలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే.

నేను కళ్లారా చూసింది చెబుతాను. ఒక శీతాకాలం ఒక నగర కేంద్రంలోని నెట్‌వర్క్ వాళ్లు మా బృందాన్ని పిలిచారు. భవనాలకు వేడినీళ్లు తీసుకెళ్లే సప్లై లైను 80 డిగ్రీలతో వెళ్తోంది. వెనక్కి తెచ్చే రిటర్న్ లైను 40 దగ్గర రావాల్సింది, 60 దాటి వస్తోంది. హీట్ పంపు అంటే చల్లటి చోట ఉన్న వేడిని కరెంటుతో లాగి నీళ్లకు ఎక్కించే యంత్రం. అంత వేడిగా వచ్చిన నీళ్లకు అది ఇంకేం వేడి ఎక్కిస్తుంది? కోట్లు పోసి కట్టిన హీట్ పంపులు సగం సేపు ఆగి ఉండేవి. మంచి చలి రోజుల కోసమని పక్కన ఉంచిన గ్యాస్ బాయిలర్లు రాత్రీ పగలూ మండుతుండేవి. కాగితాల మీద మాత్రం అది లో-కార్బన్ నెట్‌వర్కే.

మూడు వారాలు ఒక్కో భవనం సెల్లార్‌లోకి దిగి చూశాం. మీటర్లు, థర్మామీటర్లు ఉన్నా నేను ముందు చేసే పని ఒకటుంది. వాల్వు పక్కన ఇన్సులేషన్ లేకుండా కనిపించే ఉక్కు మీద వేలి వెనక వైపు క్షణంపాటు ఆనిస్తాను. సప్లై మీద వేలు నిలవదు. రిటర్న్ మీద నిలవాలి, గోరువెచ్చగా తగలాలి. ఒక ఆరంతస్తుల భవనంలో రెండూ చుర్రుమన్నాయి. పాత సైకిళ్లు, అట్టపెట్టెలు జరిపి గోడవారగా టార్చి వేస్తే, నీళ్లను గదులకు పోనివ్వకుండా నేరుగా వెనక్కి మళ్లించే చిన్న బైపాస్ వాల్వు కనిపించింది. పూర్తిగా తెరిచి ఉంది. కొత్తలో పైపులు కడగడానికి తెరిచారు, మూయడం మరిచారు. దాని పిడికి కట్టిన కాగితపు చీటీ దుమ్ముపట్టి ఇంకా వేలాడుతూనే ఉంది. పావు తిప్పు తిప్పితే మూసుకుపోయింది. అన్నేళ్లూ ఆ భవనంలోకి వచ్చిన వేడినీళ్లలో కొన్ని ఒక్క గదిని కూడా వెచ్చబెట్టకుండా ఆ వాల్వు దారిన వెనక్కి పోతున్నాయి. ఇళ్లవాళ్లెవరూ ఫిర్యాదు చేయలేదు. గదులను వెచ్చబెట్టే వాళ్ల రేడియేటర్లు వెచ్చగానే ఉన్నాయి మరి!

ఆ నెట్‌వర్క్‌లో అలాంటి వాల్వులు పదకొండు దొరికాయి. అంతకన్నా ఎక్కువ చోట్ల తప్పు రేడియేటర్లది. పంపు దగ్గరున్నవాటికి నీళ్లు పొంగిపొర్లుతాయి, పైఅంతస్తు చివరి గదికి చాలవు. ఆ చివరి గది కోసం అందరికీ వేడి పెంచుతారు. ఒక్కో రేడియేటర్‌కు అందే నీళ్లను సరిచేయడం ఓపిక పని. ఇల్లిల్లూ తలుపు తట్టాలి. ఫొటోల్లో పడే పని కాదు గనక దానికి డబ్బు కేటాయించరు. అప్పుడూ ఇప్పుడూ నాకు కోపం తెప్పించేది ఇదే.

దీని వెనక లెక్క తేలికే. లీటరు నీళ్లు మోసే వేడి, వెళ్లేటప్పటికీ వచ్చేటప్పటికీ ఉన్న డిగ్రీల తేడాను బట్టి ఉంటుంది. 80తో వెళ్లి 40తో వస్తే తేడా 40. 60తో తిరిగొస్తే 20. అంటే అదే వేడి అందించడానికి రెట్టింపు నీళ్లు తోయాలి. ఉన్న పైపులోనే రెట్టింపు నీళ్లు తోయాలంటే పంపుకు దాదాపు ఎనిమిది రెట్ల కరెంటు పడుతుంది. లేదంటే రోడ్డు తవ్వి లావు పైపు వేయాలి. ఈ సంగతి తెలిసే డెన్మార్క్‌లో చాలా హీటింగ్ సంస్థలు నీళ్లను బాగా చల్లబరిచి పంపిన భవనానికి బిల్లులో తగ్గింపు ఇస్తాయి, వేడిగా పంపినవాళ్ల దగ్గర అదనంగా వసూలు చేస్తాయి. అలా చేశాకే భవన యజమానులు తమ సెల్లార్‌లోకి తొంగిచూస్తారు.

సప్లై వేడి తగ్గించడం కూడా అంతే ముఖ్యం. 1877లో బర్డ్‌సిల్ హోలీ అనే ఇంజినీరు అమెరికాలోని లాక్‌పోర్ట్‌లో ఇలాంటి నెట్‌వర్క్ మొదలుపెట్టినప్పుడు పైపుల్లో పంపింది ఆవిరి. న్యూయార్క్‌లో 1882లో మొదలైన ఆవిరి పైపులు మన్‌హాటన్ వీధుల కింద ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆ తర్వాత ఒత్తిడితో పంపే వేడినీళ్లు వచ్చాయి, ఆపైన వంద డిగ్రీల లోపు నీళ్లు వచ్చాయి. గాలి చొరబడకుండా బాగుచేసిన భవనానికి ఇప్పుడు 50, 60 డిగ్రీలు సరిపోతాయి. నార్వేలోని డ్రామెన్‌లో ఫ్యోర్డ్ అనే, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలోని 8 డిగ్రీల నీళ్లలోంచి వేడి లాగి, అమ్మోనియా హీట్ పంపులతో 90 డిగ్రీల దాకా ఎక్కిస్తారు. ఇంజినీరింగ్‌గా చూస్తే అబ్బురమే. కానీ ఎక్కాల్సిన ప్రతి డిగ్రీకీ కరెంటు కావాలి. భవనాలు 60తో సర్దుకోగలిగితే అదే కరెంటుకు ఇంకెన్నో ఇళ్లు వెచ్చబడతాయి.

వేడి దొరకదన్న దిగులు నగర కేంద్రానికి అక్కర్లేదు. లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో 1922లో మూసేసిన సిటీ రోడ్ మెట్రో స్టేషన్ ఉంది. దాని గాలిగొట్టంలోంచి వచ్చే వెచ్చని గాలితో 2020 నుంచి ఇళ్లను వేడి చేస్తున్నారు. అక్కడి ఫ్యాను వెనక్కి కూడా తిరుగుతుంది, ఎండాకాలం సొరంగంలోకి చల్లగాలి పంపుతుంది. హెల్సింకీలో కాత్రీ వాలా పార్కు కింద భూగర్భంలో ఉన్న ప్లాంటు, శుద్ధిచేసిన మురుగునీళ్లలోని వేడిని పట్టి నగరానికి ఇస్తుంది. అదే ప్లాంటు నుంచి భవనాలకు చల్లదనమూ వెళ్తుంది. ఊరు పారబోసే వేడిని ఊరే వాడుకోవడం నాకెంతో నచ్చుతుంది.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌ను వ్యాసం ఆదర్శంగా చూపింది. సగం ఒప్పుకుంటాను. 1973 చమురు సంక్షోభం దెబ్బకు 1979లో డెన్మార్క్ హీట్ సప్లై చట్టం తెచ్చింది. ఏ ప్రాంతంలో ఏ రకం హీటింగ్ ఉండాలో ముందుగా ప్రణాళిక వేసుకుంది. ఇప్పుడు ఆ నగరంలో దాదాపు 98 శాతం భవనాలు నెట్‌వర్క్ మీదే ఉన్నాయి. పైగా అక్కడ హీటింగ్ సంస్థ లాభం మిగుల్చుకోకూడదు, ఖర్చు మేరకే వసూలు చేయాలి. పైపు ఒక్కటే ఉన్నచోట వినియోగదారుడు ఇంకో కంపెనీకి మారలేడు కాబట్టి ఇలాంటి కట్టడి ప్రతిచోటా ఉండాల్సిందే. కానీ అక్కడ బొగ్గు మానేసి ఎత్తుకున్నది చాలావరకు కలప, చెత్త మండించడం. ఓడల్లో తెచ్చిన కలపను కాల్చి కార్బన్ లేదనడం నాకు ఒప్పుదల కాదు. చెట్టు మళ్లీ అంత కావడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది, పొగ ఇవాళే వెళ్తుంది. ఆ నగరానికున్న గొప్ప ఆస్తి పైపులే. కలప బాయిలర్ తీసేసి ఆ స్థానంలో సముద్రపు నీళ్ల హీట్ పంపు పెట్టినా వీధిలో ఒక్క రాయి కదపక్కర్లేదు.

ఆ పైపు గురించి కూడా రెండు మాటలు. లోపల ఉక్కు గొట్టం, చుట్టూ పాలీయురెథేన్ నురుగు, పైన నల్లటి ప్లాస్టిక్ తొడుగు. ఆ నురుగులో సన్నటి రాగితీగలు రెండు చివరిదాకా పోతాయి. ఎక్కడైనా తడి చేరితే ఆ తీగల్లో తెలుస్తుంది, ఎన్నో మీటరు దగ్గరో కూడా చెప్పొచ్చు. వానలో గుంత నీటితో నిండితే తొందరపడి జాయింటు మూసే సూపర్‌వైజర్లను చూశాను. ఆ తేమ లోపలే ఉండిపోతుంది, కొన్నేళ్లకు ఉక్కును తింటుంది. సరిగ్గా వేస్తే యాభై ఏళ్ల దాకా మళ్లీ చూడక్కర్లేని పైపు అది. నడివీధిలో నీళ్ల పైపులు, మురుగు, కేబుళ్ల మధ్య దారి చేసుకుని వేసే లైనుకు ఒక ఎండపూట ఆగడం పెద్ద ఖర్చు కాదు.

ఎడంగా ఉన్న ఇళ్లకు ఎవరి హీట్ పంపు వాళ్లకే మేలని వ్యాసంలో రాసింది సరైనదే. గోడా గోడా ఆనుకున్న పాత భవనాల మధ్య మాత్రం బయటి యూనిట్లు పెట్టడానికి జాగా ఉండదు. అక్కడికి నెట్‌వర్కే తగినది.

కొత్త నెట్‌వర్క్‌కు అనుమతి ఇచ్చేవాళ్లు గుంత తవ్వకముందే ఒక శీతాకాలమంతా ఆ వీధి భవనాల సెల్లార్లు, రేడియేటర్లు చూసి రావాలని, ఆ పనికి ఖర్చును ప్లాంటు ఖర్చులోనే కలపాలని నా కోరిక. మీకూ ఒక మనవి. ఈసారి ఈ విషయం మీద రాసేటప్పుడు మీ విలేకరిని ప్లాంటుకు కాక ఒక పాత భవనం సెల్లార్‌కు పంపండి. రెండు పైపుల మీదా వేలు ఆనించి చూసి, ఏమనిపించిందో రాయమనండి.

ఇట్లు,
పైపుల పని చేసి రిటైరైన ఒక ఇంజినీరు