నరకం ఎన్నాళ్లు? సంఘాలది ఒకే మాట కాదు

సంపాదకుడి గారికి,

నరకశిక్ష గురించి మీ లేఖల పేజీలో నడుస్తున్న వాదన చూస్తున్నాను. శిక్షకు అంతం లేదన్నది క్రైస్తవులంతా ఒప్పుకున్న సంగతేనని ఒకరు రాశారు. అంతం ఉందనడం ఈమధ్య విదేశాల నుంచి దిగుమతైన బోధ అని ఇంకొకరు కొట్టిపారేశారు. రెండూ నిజం కావు.

ఈ తగాదా చాలా పాతది. శిక్ష మనిషిని బాగుచేయడానికేననీ, చివరికి అందరూ దేవుని దగ్గరికే చేరతారనీ మూడో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా పండితుడు ఓరిజెన్ ఆశపడ్డాడు. ఆయన పోయిన దాదాపు మూడొందల ఏళ్లకు, 543లో, నరకం తాత్కాలికం అనేవాళ్లు శాపగ్రస్తులని తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ శాసనం చేశాడు. చిత్రమేమిటంటే, ఓరిజెన్ లాగే ఆశపడిన నాలుగో శతాబ్దపు బిషప్ నిస్సా గ్రెగొరీని మాత్రం ఇప్పటికీ పరిశుద్ధుడిగానే గౌరవిస్తున్నారు. శిక్ష నిత్యమని గట్టిగా వాదించిన ప్రాచీన సంఘ పండితుడు అగస్టీన్ కూడా, తన కాలంలో చాలామంది క్రైస్తవులు దీన్ని ఒప్పుకోలేకపోతున్నారని రాసుకున్నాడు.

మన దగ్గరి సంఘాల సంగతి చూడండి. మాది లూథరన్ సంఘం. దుష్టుల శిక్షకు ముగింపు ఉందనే బోధను మా సంఘాల మూల పత్రమైన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 17వ అధికరణంలోనే ఖండించింది. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చినప్పటి నుంచి మాకు అందిన విశ్వాసం అదే. ఆంగ్లికన్ల, అంటే ఇంగ్లండ్ సంఘం వారి, దారి వేరు. అందరూ రక్షణ పొందుతారనేవారిని ఖండిస్తూ 1553లో ఇంగ్లండ్ సంఘం ఒక అధికరణం రాసుకుంది. పదేళ్లకే దాన్ని తీసేసింది. అయినా 1853లో ఎఫ్.డి. మారిస్ అనే ఆచార్యుడు ఈ విషయంలో అనుమానం వెలిబుచ్చినందుకు లండన్ కింగ్స్ కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. సరిగ్గా పదకొండేళ్లకు, దుష్టులకు చివరికి క్షమాపణ దొరుకుతుందేమోనని ఒక పాదిరి ఆశపడితే అది నేరం కాదని, అప్పట్లో ఇంగ్లండ్ సంఘ వివాదాలకు పై న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్ తీర్పిచ్చింది. 1947లో సి.ఎస్.ఐ.లో (దక్షిణ ఇండియా సంఘం) కలిసిన డోర్నకల్ ప్రాంతపు సంఘాలు ఆ ఆంగ్లికన్ వారసత్వంలోవే.

కథోలికులు నరకం నిత్యమనే బోధిస్తారు. వాళ్లు తాత్కాలికం అనేది ఉత్తరించు స్థలాన్ని (పర్గేటరీ), అంటే రక్షణ పొందినవాళ్లు పరలోకం చేరేముందు శుద్ధి అయ్యే స్థితిని. బయటివాళ్లు ఈ రెంటినీ కలిపేస్తుంటారు. 2024 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ ఒక టీవీ ఇంటర్వ్యూలో, ఇది సిద్ధాంతం కాదు నా సొంత అభిప్రాయం అని ముందే చెప్పి, నరకం ఖాళీగా ఉందని అనుకోవడం తనకిష్టమనీ, అలాగే ఉంటుందని ఆశిస్తున్నాననీ అన్నారు. సెవెంత్ డే అడ్వెంటిస్టులైతే దుష్టులు కాలిపోయి లేకుండా పోతారే తప్ప నిరంతరం కాలుతూ ఉండరంటారు. “ఆత్మను దేహమును కూడ నరకములో నశింపజేయగలవాని”కి భయపడమన్న మత్తయి పదో అధ్యాయం చూపిస్తారు.

నా మట్టుకు నేను అదే మత్తయి సువార్త 25వ అధ్యాయాన్ని దాటి పోలేను. నిత్యశిక్ష, నిత్యజీవం రెండూ ఒకే వచనంలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానికి గడువు పెడితే రెండోదాని గతేమిటి? ఇంతవరకు నేను పాతకాలపు మనిషినే. అయితే ఇంతమంది భక్తులు, పండితులు ఇన్ని శతాబ్దాలు తలపట్టుకున్న విషయాన్ని మైకు ముందు నిలబడి అరనిమిషంలో తేల్చేయడం చూస్తే ఒళ్లు మండుతుంది.

మా వీధిలో ఏడేళ్ల పాప వి.బి.ఎస్.కు (వేసవి సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ తరగతులు) వెళ్లొచ్చి రెండు రాత్రులు నిద్రపోలేదు. గోడకు తగిలించిన చార్టులో మంటల్లో చేతులు పైకెత్తిన మనుషుల్ని చూపించి, బాప్తిస్మం లేకుండా చనిపోయినవాళ్లు ఎప్పటికీ ఇక్కడే ఉంటారని చెప్పారట. పాప వాళ్ల తాతయ్య పోయి ఏడాది కూడా కాలేదు, ఆయన బాప్తిస్మం తీసుకోలేదు. “తాతయ్యకి ఇప్పుడు కూడా కాలుతోందా?” అని అడిగితే ఆ తల్లి ఏం చెప్పాలి? ఎవరైనా పోయాక ఆ ఇంటివాళ్ల ఓదార్పు కోసం పెట్టే ఆదరణ కూడికల్లోనూ ఇదే వరస. ఇంట్లోవాళ్లు కుర్చీల్లో ముందు వరసలో కూర్చుని ఏడుస్తుంటే, పోయినాయన ఎక్కడికెళ్లాడో ప్రసంగీకుడు చెప్పేస్తాడు. ఆ తీర్పు చెప్పే అధికారం ఆయనకు ఏ విశ్వాస ప్రమాణమూ ఇవ్వలేదు. శిక్ష నిత్యమని నమ్మే మా ప్రమాణం కూడా ఇవ్వలేదు.

నరకం గురించి ప్రసంగించొద్దని నేననను. యేసు ప్రభువే మాట్లాడాడు. పెద్దవాళ్లకు చెప్పండి, మిగతా సంఘాలు ఏమంటున్నాయో కూడా కలిపి చెప్పండి, వింటారు. పదేళ్లలోపు పిల్లల పాఠాల్లోంచి మాత్రం ఆ మంటల చార్టులు తీసేయాలని పాస్టర్లను, వి.బి.ఎస్. నడిపే కమిటీలను కోరుతున్నాను. తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లల్ని పంపేముందు ఆ ఏటి పాఠ్యపుస్తకం ఇవ్వమని అడిగి, ఒకసారి తిరగేసి చూడండి. అడిగితే కాదనరు.

— ఒక లూథరన్ సంఘ సభ్యురాలు, గుంటూరు