కుట్టు సంఘం వార్షిక నివేదిక (సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చదివినది)

సభ్యులందరికీ నమస్కారం.

నిబంధన ప్రకారం ఏడాదికోసారి నివేదిక చదవాలి కాబట్టి చదువుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలియనిది కాదు, ఆ పేరా వదిలేస్తున్నాను. నెలవారీ సమావేశాలు రెండు తప్ప అన్నీ జరిగాయి. మూలన పడున్న మిషన్లకు నూనె వేయించి, బెల్టులు మార్పించాం. చిరిగిన బట్టలు బాగుచేసే శిబిరం ఎప్పటిలాగే ఒక రోజు పెట్టాం. ఇక ఈ ఏడాది మనం నోరారా చెప్పుకోవాల్సింది నక్షత్రం బొంత గురించి.

బొంత కుట్టడం ఏముంది, అందరికీ వచ్చిందే కదా అనుకుని తరగతి మొదలుపెట్టాం. నక్షత్రం మొనలు సూదిగా నిలబడాలంటే ఎంత పనో మొదటి రోజే తెలిసొచ్చింది. కొత్తవాళ్ళ కోసం ఎంచుకున్నది సాటూత్ స్టార్, అంటే రంపపు పళ్ళ నక్షత్రం. ఇందులో మూడే రకాల ముక్కలు: మధ్యలో పెద్ద చతురస్రం, మూలల్లో నాలుగు చిన్న చతురస్రాలు, మధ్య చతురస్రానికి నలువైపులా మొనలుండే దీర్ఘచతురస్రాలు. ఈ చివరి వాటిని ఫ్లయింగ్ గీస్, అంటే ఎగిరే బాతులు, అంటారు. రెండో రోజుకే అవి మన నోట్లో ‘బాతులు’ అయిపోయాయి. నివేదికలోనూ బాతులనే రాస్తున్నాను.

తరగతికి రానివాళ్ళు కొలతలు ఇప్పుడైనా రాసుకోండి. పూర్తయ్యాక 12 అంగుళాలుండే బ్లాకుకి (ఒక్క నక్షత్రం ఉన్న చదరపు ముక్కే బ్లాకు) ముదురు గుడ్డలో 6½ అంగుళాల చతురస్రం ఒకటి, 3⅞ అంగుళాలవి నాలుగు. లేత గుడ్డలో 7¼ అంగుళాలది ఒకటి, 3½ అంగుళాలవి నాలుగు. 3⅞ అంటే టేపు మీద నాలుగుకి ఎనిమిదో వంతు తక్కువ. ఏడుంపావు లేత చతురస్రం మీద ఎదురెదురు మూలల్లో రెండు చిన్న ముదురు ముక్కలు బోర్లించి, మూల నుంచి మూలకు గీత గీసి, గీతకు రెండు పక్కలా పావు అంగుళం దూరంలో కుట్టాలి. గీత మీద కోసి విప్పితే రెండు ముక్కలొస్తాయి, చూడటానికి కుందేలు చెవుల్లా ఉంటాయి. ఒక్కో దానికి మిగిలిన మూలలో ఇంకో ముదురు ముక్క పెట్టి, ఆ మూల నుంచి రెండు చెవుల మధ్యకి గీత గీసి, అలాగే రెండు పక్కలా కుట్టి కోస్తే నాలుగు బాతులు. వృథా అయ్యేది మూలల్లో పొడుచుకొచ్చే పీలికలంత. మొదటిసారి కోసి విప్పినప్పుడు హాల్లో అందరూ ఒకేసారి ‘ఓహో’ అన్నారు. నాకు అదే చాలు అనిపించింది, ఆ రోజుకి.

తర్వాతి రోజు ‘ఓహో’ లేదు. ఎవరి బ్లాకూ 12½ రాలేదు. (నాలుగు పక్కలా పావు చొప్పున కుట్టులోకి పోతుంది కాబట్టి జోడించక ముందు పన్నెండున్నర ఉండాలి.) ఎక్కువగా పన్నెండుంపావే వచ్చాయి. తప్పు కోతది కాదు, కుట్టుది. ఒక్కో అంచున అంగుళంలో పదహారో వంతు ఎక్కువ తిన్నా, వరుసలో రెండు అతుకులు, అతుకుకి రెండు అంచులు, మొత్తం పావు అంగుళం మాయం. మిషన్ పాదం అంచునే పావు అంగుళం అనుకోవడం వల్ల వచ్చిన తంటా ఇది. అన్ని మిషన్లకూ అలా ఉండదు. స్కేలు పాదం కింద పెట్టి, చేత్తో చక్రం తిప్పి సూదిని పావు గీత మీదికి దించి, స్కేలు అంచు వెంట మిషన్ పలక మీద టేపు అంటించుకోవాలి. ఆపైన ఒకటిన్నర అంగుళం వెడల్పు పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి, మధ్య పట్టీ కొలిచి చూడాలి. సరిగ్గా ఒక అంగుళం ఉంటే మిషన్ మీ మాట విన్నట్టు. ఈ పరీక్ష మొదటి రోజే పెట్టి ఉండాల్సింది. పెట్టకపోవడం నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను.

మన సభ్యుల్లో పెద్దావిడ, అందరం పిన్నిగారూ అని పిలుస్తాం, ఎన్నో ఏళ్ళుగా బట్టలు కుడుతున్న చెయ్యి. ఆ చేతికి అర అంగుళం అలవాటు. ఆవిడ బాతులన్నిటికీ ముక్కులు, అంటే త్రిభుజం మొనలు, తెగిపోయాయి. బాతు ముక్కు మధ్య చతురస్రం వైపు చూడాలి, ముక్కుకీ గుడ్డ అంచుకీ మధ్య పావు అంగుళం మిగలాలి. కుట్టేటప్పుడు బాతు పైకి కనిపించేలా పెట్టి, వెనక రెండు కుట్లు ఒకదాన్నొకటి దాటే చోటుకి ఒక్క పోగు ఇవతలగా, అంటే అంచు వైపుగా సూది నడిపితే ముక్కు దక్కుతుంది. పిన్నిగారు మూడుసార్లు విప్పారు. నాలుగోసారి విప్పుతుంటే “ఇంక వదిలెయ్యండి, బాగానే ఉంది” అన్నాను. కళ్ళజోడు పైనుంచి నన్నొకసారి చూసి “నీకు బాగుంది, నక్షత్రానికి బాలేదు” అన్నారు. ఆ బ్లాకే ఇప్పుడు బొంత మధ్య వరుసలో ఉంది.

ఇస్త్రీ గురించి ఒక్క మాట. ఐమూలగా కోసిన అంచు రుద్దితే సాగుతుంది. పెట్టె ఆనించి ఎత్తాలి, అటూ ఇటూ లాగకూడదు. చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

చక్రం కత్తి (గుడ్డ మీద దొర్లించి కోసే రోటరీ కట్టర్) లేదని కొందరు తరగతికే రాలేదు. ఓల్ఫా కంపెనీ ఆ కత్తి తెచ్చింది 1979లో. అంతకు ముందు లోకంలో ఇన్ని నక్షత్రాల బొంతలు కత్తెరతోనూ అట్టముక్కలతోనూ పుట్టాయి. మన పన్నెండు బ్లాకుల్లో అయిదు కత్తెరతో కోసినవే. అవేవో చూపించండి చూద్దాం.

పన్నెండు బ్లాకులూ అడ్డం మూడు, నిలువు నాలుగుగా జోడిస్తే 36 అంగుళాలకు 48. చుట్టూ అంచు పట్టీ వేయాల్సిన పొడవు 168 అంగుళాలు, మూలల మడతలకు మరికొంత. లోపల పలచటి దూది పొర, వెనక అస్తరు, చేతి కుట్టు. ప్రదర్శన రోజు పొద్దున తగిలించి దూరంగా నిలబడి చూస్తే, ఒక నక్షత్రానికి కాలు లోపలికి మడిచినట్టుంది. ఒక బాతు తిరగబడింది! అన్నిసార్లు చేతులు మారినా ఎవరి కంటా పడలేదు. నలుగురం నేల మీద కూర్చుని ఆ ఒక్క ముక్కా విప్పి, తిప్పి, చేత్తోనే కుట్టి, తలుపులు తెరిచే వేళకి మళ్ళీ తగిలించాం. ఆ టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు. వచ్చినవాళ్ళు ఎక్కువసేపు నిలబడింది మాత్రం దాని ముందే.

ఇప్పుడు చెప్పకూడని మాటలు కొన్ని. వాలంటీర్ల జాబితాలో తొమ్మిది పేర్లున్నాయి. ముక్కలు కోసిన రోజు వచ్చింది ముగ్గురు. అస్తరు పరిచి టాకాలు వేసిన రోజు ఇద్దరు, అందులో ఒకరు నేను. ఫొటోల రోజు తొమ్మిది మందీ ఉన్నారు. జరగని రెండు సమావేశాల సంగతికొస్తే, హాలు కోసం ముందుగానే అర్జీ పెట్టాం, సంబంధిత కార్యాలయంలో రేపు రమ్మని ఎన్నిసార్లు తిప్పారో లెక్క లేదు. అనుమతి కాగితం సమావేశం తేదీ దాటాక చేతికొచ్చింది. రెండోసారీ అదే తంతు.

లెక్కలు కోశాధికారిగారి దగ్గరున్నాయి, రసీదులన్నీ ఫైల్లో అంటించారు, ఎవరైనా చూడవచ్చు. అప్పు లేదు. మిగులూ పెద్దగా లేదు.

మిషన్లు మోసిన కుర్రాళ్ళకి, ఇస్త్రీ పెట్టెలు తెచ్చిన అక్కయ్యలకి, మిగిలిన గుడ్డలు సంచుల కొద్దీ ఇచ్చిన సభ్యులకి, బాబిన్లు చుట్టడమే పనిగా పెట్టుకున్న చిన్నపిల్లలకి, తన ఇంటి వరండా మనకి వదిలేసిన ఉపాధ్యక్షురాలికి, కుట్లు విప్పడంలో సాటిలేని పిన్నిగారికి సంఘం తరఫున కృతజ్ఞతలు. ఎవరి పేరైనా మర్చిపోతే సమావేశం అయ్యాక తిట్టండి.

వచ్చే ఏడాది ఒహాయో స్టార్ అనుకుంటున్నాం. చతురస్రాన్ని ఐమూలగా నాలుగు త్రిభుజాలు చేసే పని, దీనికంటే కాస్త ఓపిక కావాలి. పేర్లు ఇవాళే ఇవ్వవచ్చు. వచ్చేవాళ్ళు మాత్రమే ఇవ్వండి. తరగతి నుంచి పన్నెండున్నర అంగుళాల చదరపు స్కేలు ఎవరో ఇంటికి తీసుకెళ్ళారు, అది సంఘానిది. పేరు అడగను, బీరువా దగ్గర పెట్టి వెళ్ళండి.