ఆబర్న్ 2008: దోషం పద్ధతిదేనా?

సంపాదకులకు నమస్కారం.

అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌పై మీ క్రీడా పేజీలో ఈమధ్య వచ్చిన వ్యాసం, ఒక జట్టు కొత్త అఫెన్స్ (బంతి తమ దగ్గర ఉన్నప్పుడు దాడి చేసే పద్ధతి) మొదటి ఏడాదే విఫలమైతే అందుకు ఆటగాళ్లు ఆ పద్ధతికి తగినవారు కాకపోవడమే ముఖ్య కారణమని తేల్చింది. చాలా ఏళ్లుగా ఈ ఆటను శ్రద్ధగా గమనిస్తున్న పాఠకుడిగా ఆ మాటతో ఏకీభవించలేకపోతున్నాను. ఆటగాళ్ల లోపమని మనం అనుకునేది, చాలాసార్లు వారికి నేర్పే కోచ్‌ల మధ్య పొత్తు కుదరకపోవడం వల్ల వచ్చినదే. ఇందుకు 2008 నాటి ఆబర్న్ విశ్వవిద్యాలయ జట్టుకు మించిన సాక్ష్యం నాకు కనిపించదు.

2007 డిసెంబరులో ఆబర్న్ హెడ్ కోచ్ టామీ టబర్‌విల్, ట్రాయ్ విశ్వవిద్యాలయం నుంచి టోనీ ఫ్రాంక్లిన్‌ను అఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా, అంటే ఆ దాడిని రూపొందించి నడిపే కోచ్‌గా, తీసుకువచ్చారు. హడిల్ (ప్రతి ఎత్తుగడకు ముందు ఆటగాళ్లు గుమిగూడి మాట్లాడుకోవడం) లేకుండా, మైదానం నిండా రిసీవర్లను (పాస్ అందుకునేవారిని) పరిచి వేగంగా ఆడే స్ప్రెడ్ అఫెన్స్ ఆయనది. అయితే లైన్ (ముందు వరుసలో ఎదుటివారిని అడ్డుకునేవారు), రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తేవాడు), రిసీవర్, టైట్ ఎండ్ (అడ్డుకోవడమూ పాస్ అందుకోవడమూ చేసేవాడు) విభాగాలకు పాత పద్ధతిలో పనిచేసిన సహాయకులే కొనసాగారు. వారికీ కొత్తగా వచ్చిన ఆయనకూ పొసగడం లేదని అప్పట్లో పత్రికలు విస్తృతంగా రాశాయి. ఆ సీజన్లో మిసిసిపీ స్టేట్‌పై ఆబర్న్ 3–2తో గెలిచింది. బేస్‌బాల్ స్కోరు చదువుతున్నామా అనిపించే అంకెలవి! అక్టోబరు 4న వాండర్‌బిల్ట్ చేతిలో 14–13తో ఓడిన నాలుగు రోజులకే ఫ్రాంక్లిన్‌ను తొలగించారు. అప్పటికి జట్టు ఆరు ఆటల్లో నాలుగు గెలిచి ఉంది. ఆయన వెళ్లిపోయాక ఆడిన ఆరింటిలో గెలిచింది ఒక్కటే. చివరి ఆటలో అలబామా చేతిలో 36–0తో ఓడిన తరువాత టబర్‌విల్ కూడా పదవి వదిలారు.

కోచ్‌ల మధ్య భేదం మైదానంలోకి ఎలా దిగుతుందో వివరించకపోతే ఇదంతా కార్యాలయ రాజకీయంలా కనిపిస్తుంది. స్ప్రెడ్‌లో తరచుగా వాడే జోన్ రీడ్ అనే ప్లేను (ముందే అనుకున్న ఎత్తుగడను) తీసుకుందాం. ఇందులో ఎదుటి జట్టు డిఫెన్సివ్ ఎండ్‌ను (ముందు వరుస చివర నిలిచే డిఫెండర్‌ను) కావాలనే అడ్డుకోకుండా వదిలేస్తారు. అతను ఎటు కదిలాడన్నది చూసి, బంతిని రన్నింగ్ బ్యాక్‌కు ఇవ్వాలో తన దగ్గరే ఉంచుకోవాలో క్వార్టర్‌బ్యాక్ (బంతిని మొదట అందుకుని దాడిని నడిపే ఆటగాడు) రెప్పపాటులో తేల్చుకుంటాడు. ఎదుటివాడిని ఎన్నడూ వదలవద్దని జీవితమంతా నేర్పిన లైన్ కోచ్‌కు ఇది రుచించకపోవచ్చు. ఆయన బహిరంగంగా ఎదురు చెప్పనక్కరలేదు. పోతూ పోతూ ఆ డిఫెన్సివ్ ఎండ్‌కు ఒక భుజం తగిలించమని తన శిష్యుడి చెవిలో అంటే చాలు, క్వార్టర్‌బ్యాక్ చూడవలసిన కదలికే మారిపోతుంది. పాస్ ప్లేలకూ ఇదే వర్తిస్తుంది. లైన్‌మన్ వెనక్కి వేసే అడుగు, క్వార్టర్‌బ్యాక్ పెట్టుకునే లెక్క, రిసీవర్ మలుపు తిరిగే క్షణం, ఈ మూడూ ఒకే తాళానికి పడాలి. కానీ ఈ మూడింటినీ నేర్పేది మూడు వేర్వేరు గదుల్లో ముగ్గురు కోచ్‌లు. ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగినట్టు ఆ ముగ్గురూ ఉంటే, టీవీలో మనకు కనిపించేది మాత్రం క్వార్టర్‌బ్యాక్ తడబాటే.

పైగా సమయం తక్కువ. కళాశాల క్రీడల నిబంధనల ప్రకారం వసంతకాలంలో 15 సాధనలకూ, సీజన్లో వారానికి 20 గంటలకూ మించి ఆటగాళ్లతో పనిచేయించకూడదు. ఒకరు నేర్పినదాన్ని మరొకరు సరిదిద్దుతూ పోతే ఆ గంటలు తిరిగిరావు.

ఆటగాళ్లే తగినవారు కాదనే వాదనకు 2009 సీజన్ జవాబు చెబుతుంది. కొత్త హెడ్ కోచ్ జీన్ చిజిక్, గస్ మల్జాన్‌ను కోఆర్డినేటర్‌గా నియమించి, అఫెన్స్ సహాయకులను కూడా కొత్తవారినే తెచ్చుకున్నారు. మల్జాన్‌దీ హడిల్ లేని వేగవంతమైన ఆటే, కాకపోతే పరుగుకు ప్రాధాన్యం ఎక్కువ. 2008లో అందరూ ఎగతాళి చేసిన క్వార్టర్‌బ్యాక్ క్రిస్ టాడ్ ఆ ఏడాది 22 టచ్‌డౌన్ (బంతిని ఎదుటివారి గీత దాటించి చేసే స్కోరు) పాస్‌లతో, ఒక సీజన్‌కు అప్పటికి ఆబర్న్ రికార్డు నెలకొల్పాడు. అతనితో స్థానం కోసం పోటీపడిన కోడీ బర్న్స్ రిసీవర్‌గా మారి, 2011 జనవరిలో ఒరెగాన్‌ను 22–19తో ఓడించి జాతీయ టైటిల్ గెలిచిన ఆటలో టచ్‌డౌన్ చేశాడు.

టాడ్ భుజం 2008లో పూర్తిగా కోలుకోలేదన్నదీ నిజమే కాబట్టి, నేరమంతా కోచ్‌ల మీదే మోపడం న్యాయం కాదు. ఫ్రాంక్లిన్ తన సహాయకులను వెంట తెచ్చుకోకుండా ఆ ఉద్యోగానికి ఒప్పుకోవడమూ పొరపాటే. కానీ పద్ధతిని మార్చి మనుషులను మార్చని నిర్ణయం హెడ్ కోచ్‌ది. 2004లో ఓటమి లేకుండా 13 ఆటలు గెలిపించిన టబర్‌విల్ స్థాయి కోచ్‌కు ఆ తేడా తెలియదనుకోలేం.

కొత్త పద్ధతి మొదట్లో తడబడటం వింతేమీ కాదు. 1968లో డారెల్ రాయల్ టెక్సస్ జట్టు, సహాయకుడు ఎమరీ బెలార్డ్ రూపొందించిన, క్వార్టర్‌బ్యాక్ వెనుక పరుగెత్తేవారు ముగ్గురు నిలిచే విష్‌బోన్ పద్ధతితో తొలి ఆటను హ్యూస్టన్‌తో 20–20 సమం చేసుకొని, రెండోదానిలో టెక్సస్ టెక్ చేతిలో ఓడింది. రాయల్ బెలార్డ్‌ను పంపించివేయలేదు, పాత ఆటకు మరలలేదు. క్వార్టర్‌బ్యాక్‌గా జేమ్స్ స్ట్రీట్‌ను దింపి, ఫుల్‌బ్యాక్‌ను (ఆ ముగ్గురిలో ముందు నిలిచేవాణ్ణి) కొంచెం వెనక్కి జరిపారు. ఆ తరువాత టెక్సస్ వరుసగా 30 ఆటలు గెలిచింది.

అందుచేత, ఏ విశ్వవిద్యాలయమైనా కొత్త కోఆర్డినేటర్‌ను నియమించిందన్న వార్త మీ పేజీలో వచ్చినప్పుడు, ఆయన వెంట ఎవరు వచ్చారో, లైన్ కోచ్‌గా ఎవరు మిగిలారో కూడా ఒక్క వాక్యంలో చేర్చవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు