ఒరేయ్ వాసూ, కోప్పడకుండా చివరిదాకా చదువు

వాసూ,

ఫోన్లో నువ్వు పెట్టిన కేకలకి వంటింట్లో ఉన్న లలిత కూడా బయటికొచ్చి "ఏమైంది వాసు అన్నయ్యకి?" అని అడిగింది. "బంగారంలాంటి పిల్లని స్టేజి ఎక్కించి నలుగురిచేత మార్కులేయిస్తావట్రా, నీకేం పోయేకాలం?" అన్నావు. అప్పటికప్పుడు నాకు నోట మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం చెప్పాల్సినవి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నీతో ఫోన్లో వాదించి గెలవడం కాలేజీ రోజుల్నించీ నా వల్ల కాలేదు కాబట్టి ఇలా రాస్తున్నా. మధ్యలో అడ్డుపడ్డానికి నీకు వీలుండదు.

ముందు ఒక్క విషయం తేల్చుకుందాం. మా అమ్మాయి హారిక వెళ్తానంటున్నది మిస్ అమెరికా పోటీకి, మిస్ యూఎస్ఏకి కాదు. రెండూ వేరు. మిస్ యూనివర్స్‌కి అమ్మాయిని పంపేది రెండోది, కొన్నేళ్ళు ట్రంప్ చేతిలో ఉన్నది కూడా అదే. అసలది పుట్టిందే మొదటిదాంట్లో జరిగిన గొడవలోంచి. 1951 మిస్ అమెరికా యోలాండ్ బెట్‌బీజ్ ఒపేరా పాడే మనిషి. కిరీటం పెట్టించుకున్నాక, ఈత దుస్తులేసుకుని ఊరూరా ఫోటోలు దిగడం తన వల్ల కాదని తెగేసి చెప్పింది. ఆ దుస్తులు తయారుచేసే కాటలీనా కంపెనీవాళ్ళకి ఒళ్ళు మండి, విడిపోయి సొంత పోటీ పెట్టుకున్నారు. మిస్ యూఎస్ఏ, మిస్ యూనివర్స్ రెండూ 1952లో అలా మొదలయ్యాయి. నువ్వు టీవీలో చూసి తిట్టుకునేది ఆ రెండో బాపతు.

అలాగని మొదటిది సేవాశ్రమంగా పుట్టిందని చెప్పను. 1921లో న్యూజెర్సీ సముద్రతీరంలో ఉన్న అట్లాంటిక్ సిటీ హోటళ్ళవాళ్ళు, వేసవి సెలవులైపోయినా జనం ఊరు విడిచి వెళ్ళకుండా ఇంకో వారం ఉంటే గదులు నిండుతాయని పెట్టిన వేడుక అది. గెలిచిన మార్గరెట్ గోర్మన్‌కి అప్పటికి పదహారేళ్ళు. పచ్చి వ్యాపారం. ఆ తర్వాత, పాల్గొనే పిల్ల తెల్లజాతిదై ఉండాలని ఏకంగా నిబంధనల పుస్తకంలోనే రాసుకున్నారు. ఇవన్నీ నేను హారికకి దాచకుండా చెప్పాను. దానికి నాకంటే ఎక్కువే తెలుసు, అది వేరే సంగతి.

చదువు గొడవ ఇందులోకి 1945లో వచ్చింది. లెనోరా స్లాటర్ అని ఒక గట్టి మేనేజరమ్మ, గెలిచిన పిల్లకి తుక్కు బహుమతులు కాకుండా కాలేజీ ఫీజుకి డబ్బివ్వాలని పట్టుబట్టి 5,000 డాలర్ల స్కాలర్‌షిప్ పెట్టించింది. ఆ మొదటి స్కాలర్‌షిప్ దక్కింది బెస్ మైర్సన్‌కి. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పెరిగిన యూదుల పిల్ల, పియానో, ఫ్లూటు వాయించేది. ఆ స్లాటరమ్మే ముందు ఆ పిల్లని పేరు మార్చుకోమంది, బెత్ మెరిక్ అని పెట్టుకుంటే వినడానికి బావుంటుందని. బెస్ మార్చుకోనంది. గెలిచాక చూస్తే స్పాన్సర్లు మొహం చాటేశారు, యూదులకి ప్రవేశం లేదని బోర్డులు పెట్టిన చోట్లు ఎదురయ్యాయి. ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? సభలు మానేసి, జాతిద్వేషానికి వ్యతిరేకంగా బడుల్లో మాట్లాడుతూ దేశమంతా తిరిగింది. ఇప్పట్లా సామాజిక సేవ అనేది అప్పటికి పోటీలో అంశమే కాదు. ఎవరూ మార్కులెయ్యలేదు. ఇక్కడ అమెరికాలో మనవాళ్ళు వెంకటసుబ్బారావుని 'వెన్' అని, పద్మావతిని 'ప్యాడీ' అని ఆఫీసులో వాళ్ళంతట వాళ్ళే కుదించుకుంటుంటే నాకు ఆ బెస్ గుర్తొస్తుంది.

సరే, ఇంక నీ సంగతికొస్తా. 2013 సెప్టెంబరు 15, ఆదివారం రాత్రి నీనా దావులూరి గెలిచింది. మాకిక్కడ ఇంకా తెల్లారకముందే ఫోన్ చేసి "మన బెజవాడ పిల్లరా!" అని ఎగిరిందెవరు? నువ్వు కాదూ? వాళ్ళ అమ్మమ్మ కోటేశ్వరమ్మగారు, మన ఊళ్ళో మాంటిస్సోరి బడి పెట్టి ఆడపిల్లల చదువుకోసం జీవితమంతా ధారపోసిన ఆవిడ, ఆవిడ బళ్ళోనే మీ చిన్నక్క చదివిందని అరగంట చెప్పావు. అప్పుడు ఆ పిల్లకి ఎవరు మార్కులేశార్రా? గుళ్ళో దేవుడేశాడా?

ఆ రాత్రి మేం టీవీ ముందే ఉన్నాం. హారికకి ఏడేళ్ళు. మర్నాడు బడుందని లలిత నెత్తీ నోరూ కొట్టుకున్నా పడుకోలేదు. ఆ పిల్ల కూచిపూడి, హిందీ సినిమా స్టెప్పులు కలిపి ఆడుతుంటే హారిక కూడా సోఫా మీద నిలబడి చేతులు తిప్పింది. తెల్లారేసరికి ట్విట్టర్ నిండా బూతులు. అరబ్బు అన్నారు, ఉగ్రవాది అన్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో పుట్టిన పిల్లని పట్టుకుని. తను వాటికి పెద్దగా విలువివ్వలేదు, తను ముందుగా అమెరికన్‌నని చెప్పి ఊరుకుంది. పైగా తను పోటీకి ఎంచుకున్న అంశమే భిన్న సంస్కృతుల్ని అర్థం చేసుకోవడం. ఇంకేం, ఏడాదంతా మాట్లాడ్డానికి సరుకు తిట్టినవాళ్ళే అందించారు.

నాకు ఆ తిట్లకంటే ఎక్కువ గుచ్చుకున్నది ఇంకోటుంది. అదే వారంలో మన దేశంలో చాలామంది రాశారు, ఆ రంగుతో ఇండియాలో అయితే గెలిచేదే కాదని. నిజమే కదరా. హారికది నా రంగే. అది పుట్టినప్పుడు మా అమ్మ ఇక్కడికొచ్చి ఆర్నెల్లు మీగడలో శనగపిండి కలిపి రుద్దింది. రుద్దుతూ "పర్లేదులే, కళ గల మొహం" అనేది, ఎవరో ఏదో తప్పు చేస్తే క్షమించినట్టు. నీనా తర్వాత ఆ పని మీదే పడింది, ఒంటి రంగు పిచ్చి మీద డాక్యుమెంటరీ తీసింది, తెల్లబరిచే క్రీముల కంపెనీలని నిలదీసింది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు మారడానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్కరి ఘనత అనను. కానీ ఆ కిరీటం లేకపోతే ఆ పిల్ల మాట ఎవడు వినేవాడు?

నువ్వు వేసిన అసలు పోటు ఇంకోటుంది. "సేవ అనేది ముసుగురా, లోపలంతా గ్లామరే" అన్నావు. ఇందులో సగం ఒప్పుకుంటా. 1968లోనే ఈ పోటీకి నిరసనగా అట్లాంటిక్ సిటీ సముద్రపు ఒడ్డున చెక్కబాట (బోర్డువాక్) మీద స్త్రీవాదులు ఒక గొర్రెకి కిరీటం పెట్టి ఊరేగించారు, చీపుళ్ళూ హైహీల్సూ బ్రాలూ చెత్తడబ్బాలో పారేశారు. తగలబెట్టారని లోకమంతా చెప్పుకుంటుంది గానీ, అక్కడ తగలబెట్టింది ఏమీ లేదు. అదే రాత్రి అదే ఊళ్ళో నల్లజాతి అమ్మాయిలకి విడిగా పోటీ జరిగింది, మీరు మమ్మల్ని రానివ్వకపోతే మాకు మేమే పెట్టుకుంటాం అని. ఇన్ని తిట్లు తిన్నాక మంచి పేరు కావాలని సేవని తెచ్చి అతికించుకున్నారంటే కాదనలేను.

కానీ అతికించిన తీరు చూడు. 1988 మిస్ అమెరికా కే లానీ రే రాఫ్కో మిచిగన్‌లో నర్సు. చావుకి దగ్గరైన రోగుల దగ్గరుండే పని ఆవిడది. కిరీటం పెట్టుకుని అడిగిన ప్రతి చోటా నర్సుల గురించి, ఆ రోగుల గురించే మాట్లాడింది. అది చూసి నిర్వాహకులు 1989 నుంచి ప్రతి అమ్మాయీ ఒక సామాజిక అంశం ఎంచుకు తీరాలన్నారు. అంటే ముందు మనిషి వచ్చింది, తర్వాత రూలు వచ్చింది. 2024లో గెలిచిన మాడిసన్ మార్ష్ అప్పుడు వైమానిక దళంలో లెఫ్టినెంటు. వాళ్ళమ్మ క్లోమం కేన్సరుతో పోయింది, ఈ పిల్ల ఆ జబ్బు మీద పరిశోధనకి డబ్బు పోగుచేసింది. 2019 డిసెంబరులో గెలిచిన కమీల్ ష్రైయర్ అయితే టాలెంటు రౌండులో పాటా ఆటా కాకుండా తెల్లకోటేసుకుని రసాయన ప్రయోగం చేసి నురగ ఆకాశానికి ఎగజిమ్మించింది. అప్పటికే ఈత దుస్తుల రౌండు ఎత్తేశారు, 2018లో.

డబ్బు లెక్కల్లో మాత్రం వీళ్ళని నమ్మకు. ఏటా 45 మిలియన్ డాలర్ల స్కాలర్‌షిప్పులు అందుబాటులో పెడుతున్నామని టముకు వేసుకునేవాళ్ళు. 2014లో జాన్ ఆలివర్ అనే హాస్యగాడు తన టీవీ షోలో ఆ లెక్క విప్పి చూపించాడు. ఒక కాలేజీ 'గెలిచిన పిల్ల మా దగ్గర చేరితే ఫీజు మాఫీ' అంటుంది. చేరేది ఒక్కతి, అదీ చేరితే. వీళ్ళు ఆ మొత్తాన్ని పోటీకి వచ్చిన పిల్లలందరి సంఖ్యతో హెచ్చవేసి చూపించారు. పెళ్ళికి రానివాళ్ళ విస్తళ్ళు కూడా లెక్కేసి ఎంత మందికి పెట్టామో చెప్పుకున్నట్టు. తమాషా ఏమిటంటే, అంత కడిగేశాక కూడా చివరికి తేలింది, ఆడపిల్లలకి మాత్రమే స్కాలర్‌షిప్పులిచ్చే సంస్థల్లో ఇంతకంటే పెద్దది దొరకలేదని. అది వీళ్ళ గొప్పతనమో, మిగతావాళ్ళ సిగ్గుచేటో నువ్వే చెప్పు.

ఇంక మా పిల్ల ఏం చేస్తోందో విను. దీని అంశం ఎముక మజ్జ దానం. రక్త కేన్సరు వచ్చిన వాళ్ళకి మూలకణాలు ఎక్కించాలంటే, ఇచ్చేవాళ్ళవీ పుచ్చుకునేవాళ్ళవీ కణాల గుర్తులు కలవాలి. అవి ఎక్కువగా సొంత జాతివాళ్ళలోనే కలుస్తాయి. ఇక్కడి దాతల జాబితా (రిజిస్ట్రీ) లెక్కల ప్రకారం తెల్లవాళ్ళకి సరిపోయే దాత దొరికే అవకాశం 79 శాతం, మన ఆసియావాళ్ళకి 47. మనవాళ్ళు పేరు నమోదు చేసుకోవడం తక్కువ, అదో పెద్ద కారణం. అందుకని ఇది శనివారాలు గుడి బయట చెప్పుల స్టాండు పక్కన బల్ల వేసుకుని కూర్చుంటుంది. చెంప లోపల దూదిపుల్ల తిప్పి కవర్లో పెట్టడం, ఆ మాత్రమే పని.

ఒక వారం నన్నూ కూర్చోబెట్టింది. అబ్బో, ఏం చెప్పను! వచ్చేవాళ్ళంతా నోట్లో పులిహోర పెట్టుకునే వస్తారు. ముందు నోరు పుక్కిలించి కాసేపు ఆగండి అంటే, ఆగేలోపు కారెక్కి వెళ్ళిపోతారు. ఒకాయన వెన్నులో సూది గుచ్చి లాగేస్తారటగా అన్నాడు. ఇప్పుడు చాలావరకు చేతి నరం నుంచే రక్తం తీసినట్టు తీసి, కావలసిన కణాలు వేరుచేసి మిగతాది తిరిగి ఎక్కిస్తారండీ అని ఇది ఓపిగ్గా చెప్పింది. ఆయన అంతా విని "మా అబ్బాయికి ఇంకా పెళ్ళి కాలేదమ్మా" అన్నాడు. పెళ్ళికీ దానికీ సంబంధం ఏమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు. నాకు తిక్క రేగింది గానీ, హారిక నవ్వి "పెళ్ళయ్యాక ఇద్దర్నీ తీసుకురండి అంకుల్" అంది. వాసూ, నా కూతురికి అంత నిబ్బరం ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ బల్ల పోటీ కోసం పెట్టిందా, బల్ల పెట్టాక పోటీ గుర్తొచ్చిందా అని నువ్వడుగుతావు. నేనూ అడిగా. "రెండూ నాన్నా" అంది. దబాయించలేదు, కప్పిపుచ్చలేదు. కిరీటం సంగతి అటుంచు, కౌంటీ (మన జిల్లాలాంటిది) స్థాయిలో గెలిచి ఒక పట్టీ భుజాన వేసుకున్నా, ఆస్పత్రుల్లో కాలేజీల్లో పిలిచి మాట్లాడమంటారట. ఇప్పుడు గుడి కమిటీ దగ్గర బల్లకి అనుమతి తెచ్చుకోవడానికే నాలుగు మెయిళ్ళు రాయాలి.

నాకు మింగుడుపడనివి లేవని కాదు. గౌను ధర విన్నాక రెండ్రోజులు లలితతో సరిగ్గా మాట్లాడలేదు. ఇంటర్వ్యూ నేర్పిస్తామని గంటకింత తీసుకునే కోచ్‌లున్నారు, వద్దన్నాను. వంటింటి బల్ల దగ్గర నేనూ లలితా జడ్జీలం. పది నిమిషాల్లో ఏదైనా అడగొచ్చు, వలసల దగ్గర్నించి మందుల ధరల దాకా. మొన్న నేను తుపాకుల చట్టం మీద అడిగితే అది చెప్పిన జవాబుకి లలిత పప్పు తిరగమోత మర్చిపోయింది, మాడిపోయింది. అదొక్కటి చాలు నాకు, అది గెలవకపోయినా.

మన దగ్గర మాత్రం తక్కువా? 2025 మేలో మిస్ వరల్డ్ మీ పక్కనే హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగింది కదా, గెలిచిన థాయ్‌లాండ్ పిల్ల సుచాతా రొమ్ము కేన్సరు మీద పనిచేస్తున్నదే. అంతకుముందు మన మిస్ ఇండియా మానస వారణాసి పిల్లల రక్షణ చట్టాల గురించి పనిచేసింది. ఆ హైదరాబాద్ పోటీలో అమ్మాయిలని అతిథుల ముందు కూర్చోబెట్టిన తీరు మీద వచ్చిన గొడవ కూడా చదివాను, నీ కోపానికి కారణం అదేనని తెలుసు. అలాంటిదేదైనా కనిపిస్తే పట్టీ అక్కడే పడేసి తీసుకొచ్చేస్తా, ఆ మాట హారికకీ చెప్పా.

ఇంక అసలు పని. టాలెంటుకి ఇచ్చేది 90 సెకన్లు. అది తరంగం చేస్తానంటోంది, పళ్ళెం మీద. ఇక్కడ దొరికే ఇత్తడి పళ్ళాల అంచులు పల్చగా ఉంటున్నాయి, కాలు కోసుకుంటుందని లలిత భయం. నువ్వు మొవ్వ వైపు వెళ్ళినప్పుడు కూచిపూడిలో ఎవరినైనా అడిగి, అంచు మందంగా ఉన్న పళ్ళెం ఒకటి, ఆకుపచ్చకి ఎర్రంచు పట్టుతో డ్రస్సు ఒకటి కుట్టించి పెట్టు. కొలతలు లలిత వాట్సాప్‌లో పంపుతుంది. మా బావమరిది వచ్చే నెల పదో తారీఖున వస్తున్నాడు, అతని చేతికివ్వు. డబ్బులు వద్దనకు, ఇదివరకోసారి అలాగే అని నాచేత మాగాయ పార్సిల్ ఖర్చు మింగించావు.

తిట్టాలనుంటే పళ్ళెంతోపాటు చీటీ రాసి పెట్టు. చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగినట్టు చెప్పు.

నీ
ప్రసాదు