నమూనా నదికి నీలిరంగు వేయకండి

సంపాదకులకు నమస్కారం.

నమూనా రైలు మార్గాల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివి సంతోషించాను. పట్టాలు, స్టేషన్లు, కొండలు, సొరంగాల గురించి ఎంతో ఓపికగా వివరించిన వ్యాసకర్త, నది దగ్గరికి వచ్చేసరికి మాత్రం గాడికి నీలిరంగు వేసి పైన రెసిన్, అంటే ద్రవంగా పోస్తే గాజులా గట్టిపడే పదార్థం, పోస్తే సరిపోతుందని ఒక్క వాక్యంతో ముగించారు. ఆ ఒక్క వాక్యాన్ని నమ్మి కొత్తవారు కష్టపడి కట్టుకున్న దృశ్యాన్ని పాడుచేసుకుంటారన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

వంతెన మీద నిలబడి తలవంచి చూస్తే నదిలో మనకు కనిపించేది అడుగున ఉన్న ఇసుక, బురద, నాచు. అదే నదిని గట్టు మీద కూర్చుని ఏటవాలుగా చూస్తే కనిపించేది ఆకాశం. నమూనాలో రెండోదాన్ని నిగనిగలాడే రెసిన్ తనంతట తానే చూపిస్తుంది కనుక, మనం రంగు వేయవలసింది అడుగుకు మాత్రమే. ఒడ్డు వెంట తడి ఇసుక రంగు, అక్కడి నుంచి ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు, నడిపాయలో ఇంచుమించు నలుపు వేసి, అవి ఆరకముందే అంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా కుంచెతో అద్దాలి. హెచ్‌ఓ స్కేలులో, అంటే 1:87 నిష్పత్తిలో, 10 మీటర్ల లోతు చూపాలంటే లెక్కప్రకారం 11.5 సెంటీమీటర్ల గుంట కావాలి. ఈ రంగులు సరిగ్గా కుదిరితే 3 మిల్లీమీటర్ల రెసిన్ కిందే ఆ లోతు కనిపిస్తుంది.

అసలు నీళ్లే పోయవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. చెక్క ఉబ్బుతుంది, తీగలకు తడి తగులుతుంది అన్నది ఒక కారణం. అంతకన్నా పెద్ద చిక్కు, నీటిచుక్క మన స్కేలుకు తగ్గట్టు చిన్నది కాకపోవడం. 3 మిల్లీమీటర్ల చుక్క ఆ చిన్న లోకంలో 26 సెంటీమీటర్ల నీటిముద్ద అవుతుంది. అలాంటివి రాలే జలపాతం ఎక్కడా ఉండదు.

నా మొదటి నదికి కావలసిన రెసిన్ మొత్తాన్ని ఒకేసారి పోశాను. గట్టిపడేటప్పుడు రెసిన్‌లో వేడి పుడుతుందని, మందం పెరిగినకొద్దీ ఆ వేడి బయటికి పోలేక పగుళ్లు తెస్తుందని అప్పుడు నాకు తెలియదు. పైగా ప్లాస్టర్‌లో గుండుసూది మొనంత రంధ్రం ఒకటి మిగిలిపోవడంతో, తెల్లవారి చూసేసరికి సగం నది బల్ల కింద నేల మీద గడ్డకట్టి ఉంది. అప్పటినుంచి ముందుగా గాడి అంతటికీ చిక్కటి రంగు రెండు పూతలు వేసి, బల్ల మట్టం సరిచూసి, రెసిన్‌ను పలుచటి పొరలుగా, ఒకటి గట్టిపడ్డాకే మరొకటిగా పోస్తున్నాను. రెసిన్, దాన్ని గట్టిపరిచేందుకు కలిపే హార్డెనర్ కొలతల్లో ఉజ్జాయింపు పనికిరాదు. పాళ్లు తప్పితే అది ఎన్నాళ్లకూ జిగురుగానే ఉండిపోతుంది.

పూర్తిగా గట్టిపడిన రెసిన్ అద్దంలా ఉంటుంది. చెరువుకు అది చాలు కానీ, పారే నదికి పైన పారదర్శకమైన ఏక్రిలిక్ జెల్‌తో అలలు తీర్చాలి. ఈ స్కేలులో అడుగు ఎత్తు అల 3.5 మిల్లీమీటర్లు మాత్రమే కాబట్టి కుంచె మొనతో తేలికగా తట్టాలి తప్ప దిబ్బలు పేర్చకూడదు. వంతెన స్తంభం ముందు నీరు కొంచెం ఉబ్బి, వెనుక రెండు పాయలుగా విడిపోయి సుడి తిరిగే తీరును ఒక్కసారి అసలు నది దగ్గర నిలబడి చూసివస్తే చెయ్యి దానంతట అదే సాగుతుంది.

ఈ రెసిన్ ఎపాక్సీ రకానిది; గట్టిపడకముందు అది పదేపదే చర్మానికి తగిలితే ఎలర్జీ రావచ్చు. ఒకసారి వచ్చాక మళ్లీ కొద్దిగా తగిలినా దద్దుర్లు లేస్తాయి. పిల్లలు కూడా చదివే ఆ వ్యాసంలో చేతితొడుగుల మాట, కిటికీలు తెరిచి ఉంచాలన్న మాట లేవు. కనీసం ఆ రెండింటినైనా వచ్చే ఆదివారం అదే పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
మీ పాఠకుడు